రెండు కేబుళ్ళుంటే రెండు దారులున్నట్టేనా? ఐస్కజీ, మల్టీపాత్ పెట్టేటప్పుడు ఏమేం ఎంచుకోవాలి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు సర్వర్లు చూసుకునే మనలాంటివాళ్ళకి ఉన్న ఇబ్బంది పెద్ద ఊళ్ళలో గైడ్లు రాసేవాళ్ళకి తట్టదు. స్టోరేజీ కంట్రోలర్ (డిస్కుల డబ్బాని నడిపే బోర్డు) పోతే, ఎస్ఎఫ్‌పీ మాడ్యూల్ (కేబుల్ కోసం స్విచ్ పోర్టులో గుచ్చే ముక్క) ఒకటి కావాలంటే పక్కవీధిలో దొరకదు. విశాఖ నుంచి బస్సులో పార్సిల్ వేయించుకోవాలి, లేదా భువనేశ్వర్ నుంచి రప్పించుకోవాలి, రాత్రి పోయిన సామాను మర్నాడు సాయంత్రానికి చేతికొస్తే అదృష్టం. అందుకే ఇక్కడ స్టోరేజీ ఎంచుకునేటప్పుడు నేను మొదట స్పీడు చూడను. ఒక కేబుల్ పోయినా, ఒక స్విచ్ పోయినా, ఆ పార్సిల్ వచ్చేదాకా పని నడుస్తుందా అన్నదే చూస్తాను. సర్వర్‌కి బయట ఉన్న స్టోరేజీని నెట్‌వర్క్ మీద కలిపేది ఐస్కజీ, ఆ డిస్కుకి ఒకటికి మించి దారులుంచి, ఒకటి తెగితే ఇంకోదాంట్లో పంపేది మల్టీపాత్. కింద ఈ రెంటి గురించి చెప్పేవన్నీ ఆ లెక్కలో చదవండి. మీ ఊళ్ళో స్పేర్లు గంటలో దొరికేట్టయితే కొన్నిచోట్ల మీ నిర్ణయం వేరుగా ఉండొచ్చు.

అసలు మీకు ఐస్కజీ కావాలా?

ఐస్కజీ అంటే డిస్కుతో మాట్లాడే స్కజీ ఆజ్ఞలని మామూలు టీసీపీ నెట్‌వర్క్ మీద పంపడం. 2004లో ఆర్ఎఫ్‌సీ 3720గా ప్రమాణం వచ్చింది, 2014లో దాన్ని సర్ది 7143గా మళ్ళీ రాశారు. సర్వర్ వైపు ఉండేది ఇనిషియేటర్, స్టోరేజీ వైపు ఉండేది టార్గెట్, టార్గెట్ వినే పోర్టు 3260, అది మనకి కోసిచ్చే డిస్కు ముక్క పేరు లన్. సర్వర్‌కి అది సొంత డిస్కులాగే కనిపిస్తుంది, ఫార్మాట్ కూడా మనమే చేసుకోవాలి. నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంచుకునే ఎన్ఎఫ్ఎస్‌కీ దీనికీ తేడా అక్కడే ఉంది: ఎన్ఎఫ్ఎస్‌లో ఫైల్ సిస్టమ్ స్టోరేజీ దగ్గర ఉంటుంది, ఐస్కజీలో మీ సర్వర్ దగ్గర ఉంటుంది. ఈ సంగతి పట్టుబడితే సగం ఎంపికలు వాటంతటవే తేలిపోతాయి.

ఒకే సర్వర్, దాంట్లోనే డేటాబేస్, దాంట్లోనే ఫైళ్ళు అయితే స్టోరేజీ అర్రే (విడి డబ్బాలో ఉండే డిస్కుల గుంపు) జోలికే వెళ్ళొద్దు. ఆ డబ్బుతో ఆ సర్వర్‌కే మంచి రెయిడ్ కార్డు (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేట్టు చూసేది), రెండో పవర్ సప్లై, ఇంకో గదిలో బ్యాకప్ పెట్టించండి. స్కాన్ చేసిన కాగితాలు, ఎక్స్‌రే బొమ్మలు, బ్యాకప్ ఫైళ్ళు నాలుగు మెషీన్లు పంచుకోవాలంటే ఎన్ఎఫ్ఎస్ చాలు, విండోస్ వాళ్ళకైతే మామూలు షేర్ చాలు. ఐస్కజీ అవసరమయ్యేది రెండు మూడు సర్వర్లుండి, ఒకటి పడిపోతే ఇంకొకటి దాని పని అందుకోవాలన్నప్పుడు, లేదా డేటాబేస్‌కి బ్లాక్ డిస్కే కావాలన్నప్పుడు.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. ఒకే లన్‌ని రెండు సర్వర్లకి చూపించి రెంటిలోనూ లైనక్స్ మామూలు ఫైల్ సిస్టమ్ ఎక్స్‌టీ4గా మౌంట్ చేసి, "ఇందులో పెట్టిన ఫైలు అందులో కనిపించట్లేదేంటన్నా" అని అడిగినవాళ్ళు నాకు తెలుసు. కనిపించకపోవడం చిన్న సంగతి. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియక ఇద్దరూ ఒకే చోట రాసుకుంటూ పోతారు, కొన్నాళ్ళకి ఫైల్ సిస్టమ్ మొత్తం చెడిపోతుంది. ఒకే లన్‌ని ఇద్దరు వాడాలంటే దాని కోసమే చేసిన ఫైల్ సిస్టమ్ కావాలి: వీఎంవేర్‌లో వీఎంఎఫ్ఎస్, లైనక్స్‌లో జీఎఫ్ఎస్2 లేదా ఓసీఎఫ్ఎస్2, విండోస్‌లో క్లస్టర్ షేర్డ్ వాల్యూమ్. అది లేనప్పుడు ఒక లన్ ఒక సర్వర్‌కే. ఒక సర్వర్‌ని క్లోన్ చేసి రెండోది తయారుచేస్తే ఇనిషియేటర్ పేరు కూడా అదే వచ్చేస్తుంది, స్టోరేజీకి ఇద్దరూ ఒకరిలాగే కనిపిస్తారు, మనం అనుకోకుండానే ఇదే ప్రమాదంలో పడతాం. క్లోన్ చేయగానే ముందు ఆ పేరు మార్చండి, మిగతా పని తర్వాత.

ఫైబర్ చానెల్ (స్టోరేజీకని విడిగా వేసే నెట్‌వర్క్) గురించి ఎక్కువ చెప్పను. చాలా గట్టి టెక్నాలజీ, సందేహం లేదు. కానీ దానికి వేరే కార్డు, వేరే స్విచ్, వేరే పరిజ్ఞానం కావాలి, నేను అడిగిన మా వైపు షాపుల్లో ఎక్కడా వాటి స్పేర్ లేదు. ఈథర్‌నెట్ స్విచ్ పోతే కనీసం బరంపురంలో ఇంకొకటి కొని తాత్కాలికంగా నడిపించగలను. నా ఓటు ఐస్కజీకి పడటానికి ఈ ఒక్క కారణం సరిపోతుంది.

స్విచ్ పెట్టాలా, నేరుగా కలపాలా?

ఇది చాలామంది అడగనే అడగరు, అమ్మేవాళ్ళు చెప్పరు. మీకున్నవి రెండే సర్వర్లు, స్టోరేజీకి రెండు కంట్రోలర్లు, ఒక్కోదానికి రెండు పోర్టులు అనుకోండి. అప్పుడు మధ్యలో స్విచ్ ఎందుకు? మొదటి సర్వర్ నుంచి ఒక కేబుల్ 'ఏ' కంట్రోలర్‌కి, ఒకటి 'బి' కంట్రోలర్‌కి. రెండో సర్వర్ నుంచీ అంతే. నాలుగు కేబుళ్ళు, ఒక్కోదానికి దాని సొంత చిన్న సబ్‌నెట్ (ఐపీ చిరునామాల గుంపు). పోవడానికి స్విచ్చే లేదు, కాన్ఫిగర్ చేయడానికి వీల్యాన్ (ఒకే స్విచ్‌ని లోపల విడి నెట్‌వర్కులుగా చీల్చడం) లేదు, స్విచ్‌కి యూపీఎస్ అక్కర్లేదు. మీ అర్రే నేరుగా కలపడాన్ని సపోర్ట్ చేస్తుందా అని దాని పుస్తకంలో చూసుకోండి, చాలా చిన్న అర్రేలు చేస్తాయి. మూడో సర్వర్ వచ్చే అవకాశం ఉంటే మాత్రం ఇది కుదరదు, పోర్టులు అయిపోతాయి. రెండేళ్ళలో మూడోది వస్తుందా అని యజమానిని సూటిగా అడగండి. "చూద్దాం" అంటే రాదనే లెక్క, నేరుగా కలిపేయండి. ఎస్ఏఎస్ కేబుల్‌తో కలిపే అర్రేలు కూడా ఇదే కోవలోవి, అవీ మంచివే.

రెండు సర్వర్లు దాటితే రెండు స్విచ్‌లు తప్పవు. రెండు, ఒకటి కాదు. ఒకే పెద్ద స్విచ్ కొని అందులో రెండు వీల్యాన్లు పెట్టుకుంటే కాగితం మీద రెండు దారులే, కానీ ఆ స్విచ్ పవర్ సప్లై కాలితే రెండూ ఒకేసారి పోతాయి. డబ్బు తక్కువైతే ఖరీదైన స్విచ్ ఒకటి కొనేబదులు మధ్యరకంవి రెండు కొనండి.

బాండింగా, మల్టీపాతా?

అసలు తగువంతా ఇక్కడే. లైనక్స్ బాగా వచ్చినవాళ్ళు కూడా అలవాటుకొద్దీ రెండు నెట్‌వర్క్ కార్డుల్ని కలిపి బాండ్ చేసేసి, దాని మీద ఐస్కజీ పెట్టి, పని అయిపోయిందనుకుంటారు. పనిచేస్తుంది కూడా. కానీ మీరు డబ్బు పెట్టింది దేనికో అది సగమే దక్కుతుంది.

ముందు స్పీడు సంగతి. ఎల్ఏసీపీ బాండ్‌లో (స్విచ్‌తో మాట్లాడుకుని కేబుళ్ళు కలిపే రకం) ఏ ప్యాకెట్ ఏ కేబుల్ మీద వెళ్ళాలన్నది మ్యాక్, ఐపీ, పోర్టు నంబర్ల మీద ఒక లెక్క కట్టి తేలుస్తారు. ఒక టీసీపీ కనెక్షన్‌కి ఆ లెక్క ఎప్పుడూ ఒకే జవాబు ఇస్తుంది, అంటే ఆ కనెక్షన్ మొత్తం ఒకే కేబుల్ మీద పోతుంది. ఐస్కజీలో ఒక సెషన్‌కి (ఇనిషియేటర్ టార్గెట్‌లోకి చేసే ఒక లాగిన్) మామూలుగా ఒకే టీసీపీ కనెక్షన్. కాబట్టి ఒక గిగాబిట్ కేబుళ్ళు రెండు బాండ్ చేసినా ఒక సెషన్‌కి దక్కేది ఒక గిగాబిట్టే. ఒక్కో ప్యాకెట్‌ని మార్చి మార్చి పంపే రౌండ్ రాబిన్ బాండ్ పెట్టుకోవచ్చు కదా అంటారు, అప్పుడు ప్యాకెట్లు వరుస తప్పి చేరతాయి, టీసీపీ వాటిని సర్దుకోవడంలోనే అలిసిపోతుంది.

స్పీడుని మించిన సంగతి ఇంకోటుంది. బాండ్‌కి మామూలుగా తెలిసేది కార్డు దగ్గర లైటు వెలుగుతోందా, మహా అయితే పక్క స్విచ్ పలుకుతోందా అన్నంతవరకే. స్విచ్ బతికే ఉండి లోపల బిగుసుకుపోయిందనుకోండి, లేదా అవతల స్టోరేజీ కంట్రోలర్ పడిపోయిందనుకోండి, ఇవతల లైటు చక్కగా వెలుగుతూనే ఉంటుంది, బాండ్ ఏమో అంతా బాగుందనే అనుకుంటుంది. మల్టీపాత్ అలా కాదు. ప్రతి దారిలోనూ కొన్ని సెకన్లకోసారి, మామూలుగా 5 నుంచి 20 సెకన్లకి, "టెస్ట్ యూనిట్ రెడీ" అనే చిన్న స్కజీ ప్రశ్న డిస్కు దాకా పంపుతుంది. జవాబు డిస్కు నుంచే రావాలి. మధ్యలో ఏది తెగినా జవాబు రాదు, ఆ దారిని పక్కనపెట్టి ఇంకోదాంట్లో పంపిస్తుంది. పైగా ఎల్ఏసీపీ రెండు స్విచ్‌ల మీద నడవాలంటే అవి స్టాక్ అయ్యే రకమో ఎంల్యాగ్ తెలిసిన రకమో (అంటే రెండూ కలిసి ఒకే స్విచ్‌లా కనిపించేవి) కావాలి, మల్టీపాత్‌కి ఆ స్విచ్‌లకి ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియనక్కర్లేదు. అసలు తెలియకపోవడమే మంచిది, ఒకదాని ఫర్మ్‌వేర్ అప్‌డేట్ రెండోదాన్ని తాకదు.

బాండ్ పనికిరాదని కాదు. ఎన్ఎఫ్ఎస్‌కి అదే సరైన దారి, ఆఫీసు ల్యాన్ వైపు కార్డులకి కూడా. ఒకే ఐపీ ఉన్న చిన్న స్టోరేజీ డబ్బా అయితే యాక్టివ్-బ్యాకప్ బాండ్ (ఒక కార్డు పనిచేస్తుంటే రెండోది కాచుకుని ఉండే రకం) పెట్టుకోండి, దానికి స్టాకింగ్ స్విచ్ అక్కర్లేదు. రెండు కంట్రోలర్ల ఐస్కజీ అర్రే ఉందంటే మాత్రం మల్టీపాతే.

ఒకే సబ్‌నెట్టా, రెండా?

రెండు పెట్టండి. ఉదాహరణకి ఒకటి 10.10.1, ఇంకోటి 10.10.2. గేట్‌వే దేనికీ ఇవ్వొద్దు, ఈ ట్రాఫిక్ ఎక్కడికీ రూట్ కాకూడదు.

ఎందుకో చెప్తాను. లైనక్స్‌లో రెండు కార్డులకీ ఒకే సబ్‌నెట్‌లో ఐపీలిస్తే కెర్నెల్ రూటింగ్ పట్టిక చూసి రెండు సెషన్లనీ మొదటి కార్డు గుండానే పంపేస్తుంది. సెషన్లు రెండు కనిపిస్తాయి, మల్టీపాత్‌లో దారులూ రెండు కనిపిస్తాయి, మనం హాయిగా ఇంటికెళ్తాం. ఆ ఒక్క కేబుల్ ఊడిన రోజున రెండూ కలిసి చచ్చిపోతాయి. దీనికి మందు ఉంది, ఐస్కజీ ఇంటర్‌ఫేస్‌లని ఒక్కో కార్డుకి కట్టాలి, కెర్నెల్ సెట్టింగుల్లో ఏఆర్‌పీ ఇగ్నోర్ 1, ఏఆర్‌పీ అనౌన్స్ 2, ఆర్‌పీ ఫిల్టర్ 2 పెట్టాలి. చేయొచ్చు, నేను చేశాను, కానీ ఆర్నెల్ల తర్వాత ఇంకెవరో వచ్చి చూస్తే వాళ్ళకి తల తిరుగుతుంది. రెండు సబ్‌నెట్లయితే ఈ బాధే లేదు. ఇంకో లాభం దారుల లెక్క: స్టోరేజీకి నాలుగు పోర్టులుంటే, రెండు సబ్‌నెట్లలో ఒక్కో కార్డుకి రెండు పోర్టులే అందుతాయి, మొత్తం నాలుగు దారులు. ఒకే సబ్‌నెట్‌లో ఇంటర్‌ఫేస్‌లు కట్టి చేస్తే ఎనిమిది. ఎనిమిదివల్ల అదనపు భద్రత ఏమీ రాదు, బూట్ అయ్యేటప్పుడు వెతుకులాట మాత్రం పెరుగుతుంది.

మినహాయింపు ఉంది. ఈక్వల్‌లాజిక్ లాంటి కొన్ని అర్రేలు మొత్తం గుంపుకి ఒకే ఐపీ ఇచ్చి ఒకే సబ్‌నెట్ అడుగుతాయి. అక్కడ మీ ఇష్టం చెల్లదు, వాళ్ళ పుస్తకం చెప్పినట్టే చేయండి. వీఎంవేర్‌లో పోర్ట్ బైండింగ్ అనేది కూడా ఒకే సబ్‌నెట్ ఉన్నప్పటిదే, రెండు సబ్‌నెట్లు పెట్టుకుంటే దాని జోలికి పోవద్దు.

నేను కేబుళ్ళకి రంగు టేపు చుడతాను. 10.10.1కి ఎరుపు, 10.10.2కి నీలం, కార్డు దగ్గర, స్విచ్ దగ్గర, స్టోరేజీ దగ్గర, చివరికి స్విచ్ పవర్ వైరుకి కూడా. మా వైపు ఆఫీసుల్లో పగలు డ్యూటీలో ఉన్నాయనకి ఒడియా చదవడమే వచ్చు, రాత్రి ఉన్నాయనకి తెలుగే వచ్చు, ఇంగ్లీషు లేబుల్ ఇద్దరికీ కష్టమే. ఎరుపు ఎవరికైనా ఎరుపే.

దారులన్నీ పోతే ఆగాలా, ఎర్రర్ ఇవ్వాలా?

దీనిమీద ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే నాకు బాగా తగిలింది ఇక్కడే. సరిహద్దు దగ్గర ఒక నర్సింగ్ హోమ్‌లో రెండు స్విచ్‌లు, నాలుగు దారులు, అన్నీ పద్ధతిగా పెట్టాను. ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్.

"అన్నా, బిల్లు కొడితే ఎర్రర్ వస్తోంది. సేవ్ అవట్లేదు."

"కరెంటేమైనా పోయిందా అమ్మా?"

"ఒక్క క్షణం పోయి వచ్చేసింది. కంప్యూటర్లు ఆగలేదన్నా, యూపీఎస్ ఉంది కదా."

వెళ్ళి చూస్తే సర్వర్లూ స్టోరేజీ యూపీఎస్ మీదే ఉన్నాయి. స్విచ్‌లు రెండూ మాత్రం ర్యాక్ వెనక ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉన్నాయి, ఆ బోర్డు గోడ ప్లగ్గులో ఉంది. ఎవరో ఫ్యాన్ కోసం వైర్లు మార్చి అలా పెట్టారు. కరెంటు ఒక్క క్షణం పోయేసరికి రెండు స్విచ్‌లూ రీబూట్ అయ్యాయి, అవి లేచేసరికి దాదాపు రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ నాలుగు దారులూ లేవు. నేను మల్టీపాత్‌లో "నో పాత్ రీట్రై" అన్నచోట "ఫెయిల్" పెట్టి ఉన్నాను, కాబట్టి డిస్కు వెంటనే ఎర్రర్ ఇచ్చింది, ఫైల్ సిస్టమ్ రీడ్ ఓన్లీ అయిపోయింది, డేటాబేస్ ఆగిపోయింది. స్విచ్‌లు లేచినా అది తనంతట తాను లేవదు. ఫైల్ సిస్టమ్ చెక్ చేసి, రీబూట్ చేసి, డేటాబేస్ సరిగ్గా ఉందని చూసుకునేసరికి తెల్లవారుజాము మూడు. అప్పటిదాకా ఆ అమ్మాయి బిల్లులు కాగితం మీద రాసింది.

ఇక్కడ ఎంపికలు మూడు. "ఫెయిల్" అంటే దారి లేకపోగానే ఎర్రర్. "క్యూ" అంటే దారి తిరిగి వచ్చేదాకా, ఎంతసేపైనా, రాతలన్నీ ఆపి ఉంచడం. మూడోది ఒక అంకె ఇవ్వడం, అన్నిసార్లు చూసి ఆ తర్వాత ఎర్రర్. చూసే వ్యవధి 5 సెకన్లయితే 12 పెడితే ఒక నిమిషం, 60 పెడితే ఐదు నిమిషాలు. ఒంటరిగా నిలబడ్డ డేటాబేస్ సర్వర్‌కి నేనిప్పుడు 60 పెడుతున్నాను. స్విచ్ లేచేదాకా స్క్రీన్ బిగుసుకుంటుంది, లేవగానే ఆగినచోట నుంచి నడుస్తుంది, డేటా చెడదు. "క్యూ" ఇంకా భద్రం కదా అనిపిస్తుంది కానీ, స్టోరేజీ నిజంగానే పోయిన రోజు ఆ సర్వర్‌ని షట్‌డౌన్ కూడా చేయలేరు, అది జవాబు కోసం అలా నిలబడే ఉంటుంది. క్లస్టర్ ఉన్నచోట లెక్క తిరగబడుతుంది: అక్కడ ఒక సర్వర్ త్వరగా చేతులెత్తేస్తేనే రెండోది పని అందుకుంటుంది, కాబట్టి చిన్న అంకె లేదా "ఫెయిల్", మీ క్లస్టర్ సాఫ్ట్‌వేర్ వాళ్ళు చెప్పినట్టు.

దీనికి జోడీగా ఇంకో టైమర్ ఉంది, దాన్ని చాలామంది ముట్టుకోరు. లైనక్స్ ఐస్కజీలో "రీప్లేస్‌మెంట్ టైమవుట్" మామూలుగా 120 సెకన్లు. ఒక దారి తెగితే ఆ దారిలో ఉన్న పనిని ఐస్కజీ పొర అంతసేపు తనదగ్గరే పట్టుకుని కూర్చుంటుంది, పక్కనే మంచి దారి ఉన్నా మల్టీపాత్‌కి అప్పగించదు. మల్టీపాత్ ఉన్నప్పుడు దాన్ని 5 నుంచి 15 సెకన్లకి తగ్గించండి. ఒకే దారి ఉన్న సర్వర్‌లో మాత్రం తగ్గించొద్దు, అక్కడ ఓపికే మేలు. ఇంకో చిన్న చిక్కు: ఐస్కజీ కాన్ఫ్ ఫైల్లో మార్చినంత మాత్రాన పాత టార్గెట్లకి అది వర్తించదు, కొత్తగా డిస్కవర్ చేసినవాటికే. పాతవాటి రికార్డుల్ని విడిగా అప్‌డేట్ చేసి, లాగవుట్, లాగిన్ చేయాలి.

స్విచ్‌లు ఇప్పుడు రెండు వేర్వేరు యూపీఎస్‌ల మీద ఉన్నాయి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడూ, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటినప్పుడూ మా వైపు కరెంటు ఎన్ని రోజులు లేదో ఇక్కడివాళ్ళకి గుర్తే. అంత పెద్ద దెబ్బకి ఏ టైమరూ ఆదుకోదు, అప్పుడు సర్వర్లని ముందు, స్టోరేజీని చివర ఆపాలి, లేపేటప్పుడు స్టోరేజీ, స్విచ్‌లు ముందు, సర్వర్లు చివర. ఆ వరుస కాగితం మీద ఉండాలి. రోజూ ఒక్క క్షణం పోయి వచ్చే కరెంటుకి మాత్రం ఈ అంకెలే దిక్కు.

అన్ని దారులూ ఒకేసారా, కొన్నేనా?

ఇక్కడ మీ తెలివి కన్నా అర్రే స్వభావం ముఖ్యం. ఇప్పటి అర్రేలు చాలావరకు ఏఎల్‌యూఏ రకం: ఒక లన్‌కి ఒక కంట్రోలర్ సొంతదారు, రెండోదాని గుండా వెళ్ళినా పని అవుతుంది కానీ చుట్టు తిరిగి వెళ్తుంది. మల్టీపాత్ పట్టికలో సొంత కంట్రోలర్ దారులకి ప్రయారిటీ 50, రెండోదానికి 10 కనిపిస్తుంది. ఇలాంటిచోట "గ్రూప్ బై ప్రయో" పెట్టాలి. అన్నిటినీ ఒకే గంపలో వేసే "మల్టీబస్" పెడితే సగం పని చుట్టుదారిన పోతుంది. ఇంకా పాత అర్రేలైతే లన్ రెండు కంట్రోలర్ల మధ్య బంతిలా అటూ ఇటూ ఎగురుతూ మొత్తం నత్తనడక అయిపోతుంది. చాలా అర్రేల సెట్టింగులు మల్టీపాత్‌లో ముందే రాసి ఉంటాయి, ఇంటర్నెట్‌లో దొరికిన కాన్ఫ్ ఫైలు ఒకటి తెచ్చి అతికించేముందు అవేంటో చూడండి. అందులో మీ అర్రే ఉంటే నో పాత్ రీట్రై తప్ప ఇంకేమీ ముట్టుకోనక్కర్లేదు. గ్రూపు లోపల దారిని ఎంచుకోవడానికి "సర్వీస్ టైమ్" ఇప్పుడు డిఫాల్ట్, దాన్నే ఉంచండి.

ఫెయిల్‌బ్యాక్ (తెగిన మంచి దారి తిరిగొచ్చాక దానికే మళ్ళడం) వెంటనేనా, చేత్తోనా అంటే నేను వెంటనే అనే పెడతాను. కేబుల్ వదులై వచ్చిపోతూ ఉంటే మాత్రం అది ప్రతిసారీ అటూ ఇటూ మారుతూ విసిగిస్తుంది, అప్పుడు సెట్టింగ్ కాదు, కేబుల్ మార్చండి.

1500 ఉంచాలా, 9000 చేయాలా? ఒక గిగానా, పదా?

జంబో ఫ్రేములు అంటే ఒక్కో ప్యాకెట్ సైజుని 1500 బైట్ల నుంచి 9000కి పెంచడం, వాటి మీద నా మాట సూటిగా: స్విచ్‌లు మొత్తం మీ చేతిలో ఉంటే 9000 పెట్టండి, లేకపోతే 1500 హాయి. లాభం ఉంది కానీ కొంచెమే. పొరపాటు జరిగితే మాత్రం కనిపెట్టడం నరకం. డిస్కవరీ అవుతుంది, లాగిన్ అవుతుంది, డిస్కు కనిపిస్తుంది, ఫార్మాట్ కొట్టగానే బిగుసుకుపోతుంది, ఎందుకంటే చిన్న ప్యాకెట్లు దూరుతున్నాయి, పెద్దవి మధ్యలో ఒక స్విచ్ దగ్గర రాలిపోతున్నాయి. పెట్టాక పింగ్‌లో సైజు 8972, ముక్కలు చేయొద్దన్న ఆప్షన్ ఇచ్చి ప్రతి కార్డు నుంచి ప్రతి స్టోరేజీ పోర్టుకీ కొట్టండి. 8972 ఎందుకంటే మిగతా 28 బైట్లు హెడర్లు. ఒక్కటి రాకపోయినా 1500కి వెనక్కి వెళ్ళండి.

ఇక స్పీడు. ఒక గిగాబిట్ కేబుల్ మీద నిజంగా దక్కేది సెకనుకి 110 మెగాబైట్ల చుట్టుపక్కల. తక్కువేనా? డేటాబేస్ 8 కిలోబైట్ల ముక్కలు అడుగుతుందనుకుంటే అది సెకనుకి పదమూడు వేలకి పైగా ముక్కలు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు ఒకటి సెకనుకి వంద లోపే ఇవ్వగలదు, పన్నెండు పెట్టినా వెయ్యి చుట్టుపక్కలే. అంటే తిరిగే డిస్కులున్నచోట బిల్లింగ్ నెమ్మదిగా ఉందంటే తప్పు కేబుల్‌ది కాదు, డిస్కులది. 10 గిగా స్విచ్‌లకి పెట్టే డబ్బు ఎస్ఎస్‌డీలకి పెట్టండి. అర్రే మొత్తం ఎస్ఎస్‌డీ అయితే, లేదా రాత్రి బ్యాకప్ తెల్లారినా అవట్లేదంటే, అప్పుడు 10 గిగా కొనడం సబబే.

విండోస్, వీఎంవేర్ వాళ్ళకి రెండు మాటలు

విండోస్ సర్వర్‌లో మల్టీపాత్ పని చేసే ఎంపీఐఓ ఫీచర్ వేసి, ఐస్కజీ డివైజ్‌లకి సపోర్ట్ టిక్ పెట్టి, రీబూట్ చేయాలి. ఇది మరిచిపోతే ఒకే డిస్కు నాలుగు డిస్కులుగా కనిపించి భయపెడుతుంది. ప్రతి సెషన్‌నీ అడ్వాన్స్‌డ్ లోకి వెళ్ళి ఏ ఐపీ నుంచి ఏ ఐపీకో చేత్తో ఎంచి కలపండి, "డిఫాల్ట్" అని వదిలేస్తే అన్నీ ఒకే కార్డు మీద పడొచ్చు. విండోస్ 10, 11లలో ఎంపీఐఓ లేదు, వాటి మీద ఇదంతా కట్టాలని చూడకండి. వీఎంవేర్‌లో ఒక్కో వీఎంకెర్నెల్ పోర్టుకి ఒకే కార్డు యాక్టివ్‌గా ఉండాలి, రౌండ్ రాబిన్‌లో వెయ్యి ఐఓలకోసారి (డిస్కుకి పంపే ఒక్కో ఆజ్ఞ ఒక ఐఓ) దారి మారడం డిఫాల్ట్, చాలా అర్రేల తయారీదారులు దాన్ని 1 చేయమంటారు, మీ అర్రే పుస్తకం చూసి చేయండి. లైనక్స్‌లో మౌంట్ లైనులో "అండర్‌స్కోర్ నెట్‌డెవ్" ఆప్షన్ తప్పనిసరి, లేకపోతే నెట్‌వర్క్ రాకముందే మౌంట్ చేయబోయి బూట్ ఆగిపోతుంది. అక్కడ ఎస్‌డీబీ, ఎస్‌డీసీ లాంటి పేర్లు రాయకండి, మల్టీపాత్ ఇచ్చే మ్యాపర్ పేరో ఫైల్ సిస్టమ్ యూయూఐడీనో రాయండి.

టార్గెట్‌లోకి లాగిన్ అవడానికి చాప్ పాస్‌వర్డ్ పెట్టండి, విండోస్ కూడా కలుస్తుంది కాబట్టి 12 నుంచి 16 అక్షరాల మధ్య. అది తలుపు తాళమే, లోపల పోయే డేటాని దాచదు, అందుకే ఈ నెట్‌వర్క్‌ని ఆఫీసు ల్యాన్‌తో కలపొద్దు.

కేబుల్ పీకి చూశారా?

ఇన్ని ఎంచుకున్నాక అసలు పరీక్ష. ఒక పెద్ద ఫైలు కాపీ పెట్టి, మల్టీపాత్ పట్టిక తెరమీద ఉంచుకుని, ఎర్ర టేపు కేబుల్ పీకేయండి. కాపీ కొన్ని సెకన్లు ఆగుతుంది, ఊపిరి బిగబట్టి చూస్తాం. నాలుగు వరుసల్లో రెండింటి పక్కన "యాక్టివ్ రెడీ" పోయి "ఫెయిల్డ్ ఫాల్టీ" అని పడుతుంది, కాపీ మళ్ళీ కదులుతుంది. ఎన్ని సెకన్లు ఆగిందో రాసుకోండి. తిరిగి పెట్టండి, నాలుగూ "రెడీ" అయ్యేదాకా ఆగండి, ఆ తర్వాతే నీలం పీకండి. తొందరపడి ముందే పీకితే పరీక్ష కాస్తా ప్రమాదమవుతుంది. తర్వాత ఎర్ర స్విచ్ పవర్, నీలం స్విచ్ పవర్, ఒక్కో కంట్రోలర్ రీబూట్, చివరికి సర్వర్ రీబూట్. రీబూట్ తర్వాత నాలుగు దారులూ తమంతట తామే రావాలి. రెండే వచ్చాయంటే ఏదో టార్గెట్ ఆటోమేటిక్ స్టార్టప్‌లో లేదు.

ఒకసారి రాయగడ నుంచి ఫోన్‌లో ఈ పరీక్ష చేయించాను. అక్కడి అటెండర్‌కి కంప్యూటర్ గురించి ఏమీ తెలియదు. "ఎర్ర టేపుది లాగండి బాబాయ్" అన్నాను. "లాగాను బాబూ." "దాని పక్కన లైటు?" "ఆరిపోయింది. నీలందాని దగ్గర మాత్రం మిణుకు మిణుకుమంటోంది." నా తెరమీద రెండు వరుసలు ఫాల్టీ అయ్యాయి, కాపీ ఏడు సెకన్లు ఆగి నడిచింది. అవే రంగులు, ఆ ఏడు సెకన్లు, ఏది ముందు ఆపాలి, ఏది ముందు లేపాలి అన్న వరుస, అన్నీ ఒడియాలోనూ తెలుగులోనూ రాసి ర్యాక్ తలుపు లోపలివైపు అంటించమన్నాను. ఆ కాగితం ఫోటో నా ఫోన్‌కి వచ్చాకే పని పూర్తయిందని సంతకం పెట్టాను.